పైడిరాజు నెత్తి మీద నా కాపురం

నేను ఒక హెల్మెట్‌ని. మోటారు సైకిలుది కాదు, కొండదారుల్లో తొక్కే సైకిలుది. పైకి ఎర్రగా, నున్నగా, ధైర్యంగా కనిపిస్తాను గానీ పుట్టుకతోనే పిరికిదాన్ని. కర్మాగారంలో నాతోపాటు అచ్చులోంచి వచ్చినదాన్ని నా ఎదురుగానే పరీక్ష కోసం ఇనుపదిమ్మ మీద పడేసి పగలగొట్టారు. మా జాతి ఒక్క పెద్ద దెబ్బ మాత్రమే కాస్తుంది. ఆ తర్వాత పైకి ఎంత బాగున్నా చచ్చినట్టే లెక్క. ఈ సంగతి మనుషులు కొనేటప్పుడు శ్రద్ధగా వింటారు, వాడేటప్పుడు హాయిగా మరిచిపోతారు.

విశాఖపట్నంలో నన్ను కొన్నది పైడిరాజు కాదు, ఆయన భార్య ఝాన్సీ. పైడిరాజు పోర్టులో క్రేను నడుపుతాడు. వారమంతా అంత ఎత్తున కూర్చునే మనిషికి ఆదివారం కూడా కొండ మీంచి దూకడం ఏం సరదానో నాకు అర్థం కాలేదు. ఝాన్సీ నర్సు. తలలు పగిలి వచ్చేవాళ్లను రోజూ చూస్తుంది. అందుకని షరతులు పెట్టింది. టిఫిన్ వేళకు ఇంట్లో ఉండాలి. కూతురు జోషితను సంగీతం క్లాసుకు ఆయనే దింపాలి. ఆఖరి షరతు నన్ను ఆయన నెత్తిన పెడుతూ చెప్పింది.

"దీనికి దెబ్బ తగిలిన రోజే సైకిలు ఆఖరు. అటక మీదకెక్కించేస్తాను."

ఆయన బుద్ధిగా తలూపాడు. ఆయనతోపాటు నేనూ ఊగాను.

చిత్రమేమిటంటే ఇంటికి వేళకు చేరాలన్న తొందరలోనే ఆయన పడ్డాడు. ఆషాఢంలో వాన వెలిసిన ఒక ఆదివారం, తడి బండ మీద ముందు చక్రం జారింది. రాయికి ముందు తగిలింది నేనే. ఆయన లేచి తల తడుముకుని, ఏమీ కాలేదని నవ్వాడు. నా లోపలి మెత్తలు పీకి చూశాక నవ్వు ఆగిపోయింది. థర్మాకోల్ ఒక చెవి దగ్గర నుంచి నడినెత్తి దాకా చీలిపోయింది. మెత్తలు మళ్లీ అతికించి, పైన గీత పడిన చోట ఒక స్టిక్కరు వేశాడు. కొత్తది కొంటే ఝాన్సీ ఎందుకని అడుగుతుంది. "అరకులో సైకిలు పందెం అయిపోయాక చెప్పేద్దాంలే" అన్నాడు, నాతోనే.

ఇంటి దగ్గర ఝాన్సీ "ఆలస్యమైందేటండీ?" అంది.

"పంచరు."

ఆనాటి నుంచి నాకు మనశ్శాంతి లేదు. ఆయన దూకిన ప్రతి బండ మీదా ఇదే ఆఖరనుకునేదాన్ని. కాపాడతానని నమ్మి మనిషి నన్ను నెత్తిన పెట్టుకుంటే, కాపాడలేనని చెప్పడానికి నాకు నోరు లేదు.

అరకు పందేనికి ఆదివారం వృథా కాకుండా కుటుంబమంతా వచ్చింది. పొద్దున్నే మంచు. పెద్దల పందెం కంటే ముందు పిల్లలకొక పందెం పెట్టారు. జోషితకు అక్కడే ఒక చిన్న సైకిలు అద్దెకు దొరికింది గానీ, హెల్మెట్ లేనిదే వరుసలో నిలబడనివ్వం అన్నారు. పైడిరాజు అవతల చక్రాలకు గాలి కొట్టుకుంటున్నాడు.

"నాన్నది పెట్టేస్తే సరి" అంది ఝాన్సీ. వదులు లేకుండా లోపల చున్నీ మడతపెట్టి, పట్టీ బిగించేసింది.

కొబ్బరినూనె రాసిన చిన్న తల. కింద రాళ్ల వాలు. "నాన్నలాగా ఎగిరి దూకుతాను చూడమ్మా!" అంటోంది పిల్ల. అంత భయం నేనెప్పుడూ ఎరగను. నిర్వాహకుడు విజిల్ నోట్లో పెట్టుకున్నాడు.

అప్పుడు పైడిరాజు తలెత్తి చూశాడు. పంపు అక్కడే వదిలేసి, తాడు దాటి పరుగున వచ్చి సైకిలు హ్యాండిల్ పట్టుకున్నాడు.

"దిగు తల్లీ. ఇది పగిలిపోయింది, పనికిరాదు."

విజిల్ మోగింది. మిగతా పిల్లలు వెళ్లిపోయారు. జోషిత ఏడుపు లంకించుకుంది. ఝాన్సీ నన్ను తీసుకుని, మెత్తలు పీకి, చీలిక వెంట వేలు పోనిచ్చింది.

"ఎప్పుడు తగిలింది?"

"ఆషాఢంలో."

"అప్పట్నుంచీ దీన్నే పెట్టుకుని దిగుతున్నారా?"

"నాకేటవుద్దిలే అనుకున్నాను."

"పాప తలైతే తల, మీదైతే కొబ్బరికాయేటి?" అంది. అంటూనే ఏడ్చేసింది.

మైకులో ఆయన పేరు పిలిచారు. మళ్లీ పిలిచారు. ఆయన కదల్లేదు.

కాసేపటికి ఝాన్సీ కళ్లు తుడుచుకుంది. "దెబ్బ తగిలితే ఆఖరని నేనన్నందుకే దాచేరు. ఆ మాట తీసేస్తున్నాను. ఇకనించి తగిలితే ముందు నాకు చెప్పండి. తిట్టడమేదో నేను తర్వాత చూసుకుంటాను."

తర్వాత సంచిలోంచి కత్తెర తీసి నా పట్టీలు కోసేసింది, ఇంకెవరూ ఏరుకుని పెట్టుకోకుండా. నన్ను కాఫీ కొట్టు పక్కనున్న చెత్తడబ్బాలో పడేసింది. మనుషులైతే దీన్ని అవమానం అంటారు. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది.

డబ్బా అంచు మీంచి చూశాను. పైడిరాజు సైకిలు నడిపించుకుంటూ, తల్లీ కూతుళ్లు ఆయన పక్కనే, మంచులో వాలు దిగుతున్నారు. ముగ్గురివీ ఉత్త తలలే. ఉత్త తలలను చూసి నేను భయపడకపోవడం అదే మొదటిసారి.