పాట మానేసిన ఇల్లు

"బిడ్డ అలసిపోకూడదు" అని విశాఖలో పెద్ద డాక్టరు అన్న ఒక్క మాటను ఏసుమణి చోడవరం దాకా మోసుకొచ్చి ఇంటికి శాసనం చేసి పారేసింది. మనవడు ప్రిన్స్‌కి పుట్టుకతోనే గుండెలో లోపం. మరో కేజీ బరువు పెరిగితేగానీ ఆపరేషన్ చేయరు. అంతవరకూ వాణ్ణి ఊరికే ఎత్తకూడదు, పలకరించకూడదు, నవ్వించకూడదు. కూత వేస్తుందని కుక్కర్‌ని అటకెక్కించి అన్నం గిన్నెలో వండుతున్నారు. చర్చిలో ఆడవాళ్లందరికీ పాట ఎత్తి ఇచ్చే ఏసుమణి ఇప్పుడు సాయంత్రం ప్రార్థనలో పెదవులు మాత్రమే కదుపుతోంది.

కోడలు శాలోమికి ఊపిరాడడం లేదు. యాభై రోజులుగా ఆ వెనక గదే లోకం. కిటికీకి దుప్పటి, గుమ్మం పక్కన అత్తగారి కుర్చీ. పాలు పట్టగానే బిడ్డను దింపేయాలి. రావికమతంలో పుట్టింటికి పోదామంటే షేర్ ఆటో కుదుపులు పడవట. భర్త దేవకుమార్‌తో మొరపెట్టుకుంటే "అమ్మకి తెలీదా ఏటి" అనేసి డ్యూటీకి పోయాడు. మహానుభావుడికి అంతకంటే తీరిక లేదు.

డిశ్చార్జి రోజున నర్సు గౌతమి చెప్పింది వేరు. "గుండె సంగతి డాక్టర్లు చూసుకుంటారమ్మా. ఆపరేషన్ అయ్యేదాకా మెదడు ఎదుగుదల ఆగదు కదా. ఈ పిల్లల మెదడుకి ఆక్సిజన్ చాలీచాలకుండా అందుతుంది. నిద్రపోతే కదపకండి. మెలకువగా ఉంటే గుండెలకి ఆనించుకోండి, మొహంలో మొహం పెట్టి కబుర్లు చెప్పండి, పాడండి."

ఇన్నాళ్లకు ఒక మధ్యాహ్నం గౌతమి ఫోన్ చేసింది. "మాట్లాడితే బాబు మీకేసి చూస్తున్నాడా?"

"చూస్తన్నాడు మేడమ్," అని అబద్ధమాడింది శాలోమి. ఫోన్ పెట్టాక తన మీద తనకే ఒళ్లు మండింది. ప్రిన్స్ మెలకువగా పడుకుని పైకి చూస్తున్నాడు. పుట్టి ఇన్ని రోజులైనా వాడు బాగా ఎరిగింది ఆ ఫ్యానునే.

శాలోమి జాకెట్టు హుక్కులు తీసి, వాణ్ణి ఎత్తి రొమ్ముకు ఆనించుకుంది. తలుపు తెరుచుకుంది.

"ఏటి సేస్తన్నావు? దించు."

"దించనత్తా."

"ఒసే, గుంటడి పేణం మీదికి తేకు."

"రేపు గుండె బాగయ్యేక మనమెవరో వాడికి తెలీకపోతే ఏటి సేద్దుం? నర్సమ్మ పాడమంది. నాకు పాట రాదు. నీకొచ్చు, నువ్వేమో నోరు కట్టేసుకున్నావు."

ఏసుమణి కుర్చీలో కూలబడింది.

"దేవకుమార్ కంటే ముందొకడు పుట్టేడు. వాడి పెదాలూ ఇలాగే నీలంగా ఉండేయి. ఒళ్లో ఏసుకుని పాడతన్నాను. పాట అయ్యేసరికి వాడు లేడు."

ఈ సంగతి శాలోమికి ఎవరూ చెప్పలేదు. అత్త మీద అంత కోపమూ జాలి కింద పడి అణిగిపోయింది. అయినా బిడ్డను దించలేదు.

"నీ పాట వల్ల పోలేదత్తా. నీ పాట వింటా పోయేడు."

ఏసుమణి కొంగుతో కళ్లొత్తుకుంది. తర్వాత, తనకే వినబడీ వినబడనంత సన్నగా, పల్లవి అందుకుంది. శాలోమి కడుపుతో ఉన్నన్నాళ్లూ సాయంత్రాలు పక్కన కూర్చుని పాడిన పాటే అది.

తన్నుకుంటున్న ప్రిన్స్ కాళ్లు ఆగాయి. వాడు మెల్లగా తల తిప్పాడు, తల్లి కేసి కాదు, కుర్చీ కేసి. శాలోమికి ఒక్క క్షణం అసూయ కలిగింది. ఆ వెంటనే అసలు సంగతి తట్టింది. కడుపులో నెలల తరబడి విన్న గొంతు పుట్టగానే మాయమైతే, ఆ ఫ్యాను కింద వాడు ఎంత ఒంటరిగా పడి ఉన్నాడో.

వాడి నీలం పెదాలు కంటబడగానే ఏసుమణి పాట ఆపేసింది. వాడి పెదవి వంకర పోయింది. ఏడిస్తే ఒళ్లు నీలమెక్కుతుంది.

"ఆపకత్తా," అంది శాలోమి.

ఏసుమణి వాడి పెదాల మీంచి చూపు తిప్పకుండా చరణాలు ఒక్కొక్కటే పాడింది. ఆఖరి చరణం వచ్చింది. ముగించడానికి ధైర్యం చాలక, మళ్లీ పల్లవి ఎత్తుకుంది.