బిడ్డకు పోసే నీళ్ళు

ఆత్మకూరులో పాల్ ఇంటి గీజరుకు రెబెకమ్మ రూపంలో శని పట్టింది. పొద్దున్నే బకెట్లో చెయ్యి పెట్టడం, "ఇవేం నీళ్ళురా, చచ్చిన నీళ్ళు!" అని కొడుకును కేకేయడం ఆమెకు రోజువారీ పనైపోయింది.

ఊరికే నోరు పారేసుకునే మనిషి కాదామె. కొడుకింటికి రాకముందు ఉదయగిరి చుట్టుపక్కల ఎవరింట పురుడొచ్చినా పిలుపు ఆమెకే వచ్చేది. పెరటి గడప దాటనివ్వని పెద్దిళ్ళ వాళ్ళు కూడా పసిబిడ్డను మాత్రం తెచ్చి ఆమె కాళ్ళ మీదే పడుకోబెట్టేవాళ్ళు. చేత్తో వేడి చూసి ఆమె నీళ్ళు పోస్తే గుక్కపట్టి ఏడ్చే బిడ్డ కూడా హాయిగా నిద్రపోయేది. ఆమెకు చెయ్యే కొలత.

ఇప్పుడు మనవరాలు జెస్సీకి ఆడపిల్ల పుట్టింది. బొడ్డూడింది. తొలి నీళ్ళు తనే పోయాలని రెబెకమ్మ పంతం. ఊరందరి బిడ్డలకు పోసి తన ఇంటి బిడ్డకు పోయకపోతే ఈ చేతులెందుకని ఆమె బాధ. నీళ్ళేమో కాగడం లేదాయె. బిడ్డను తడిగుడ్డతో తుడిచి సరిపెడుతున్నారు.

పాల్ గీజరు మీట చివరికంటా తిప్పాడు. చన్నీళ్ళ కుళాయి బిగించాడు. ధార సన్నగా వస్తోందని కుళాయి మూతి విప్పి ఇసుక దులిపాడు. అయినా తల్లిది అదే మాట. చివరికి మెకానిక్ శ్రీకాంత్ వచ్చి లోపలి రాడ్డు బయటికి తీశాడు. దాని నిండా తెల్లగా ఉప్పు గారకట్టి ఉంది.

"బోరు నీళ్ళు గదన్నా, ఇట్టనే పట్టేస్తాది," అని కొత్త రాడ్డు వేశాడు.

రెబెకమ్మ ముఖం వెలిగిపోయింది. "నేను మొత్తుకుంటే వినినారా?"

నీళ్ళు కాగాక కుళాయి తిప్పారు. ఆమె ధార కింద చెయ్యి పెట్టి అలాగే ఉంచింది.

"ఏందబ్బయ్యా, ఇంకా గోరువెచ్చగానే ఉండాయే!"

నీళ్ళలోంచి ఆవిరి లేస్తోంది. శ్రీకాంత్ వేలు పెట్టి చటుక్కున లాక్కున్నాడు. "అమ్మో! చెయ్యి తియ్ పెద్దమ్మా, కాలిపోతాది!"

జెస్సీ పరుగున వచ్చి ఆమె చెయ్యి ఇవతలికి లాగింది. అరచెయ్యి ఎర్రగా కందిపోయింది. రెబెకమ్మ దాన్ని అటూ ఇటూ తిప్పి, ఇంకెవరి చెయ్యో అన్నట్టు చూసుకుంది.

ఆమెకు ఏళ్ళుగా షుగరు. కాళ్ళకు స్పర్శ తగ్గుతోందని డాక్టరు ఎప్పుడో చెప్పినా చెవిన పెట్టలేదు. అది చేతులకూ పాకిందని ఇవాళ గీజరు చెప్పింది.

"బిడ్డను ఉడకబెట్టేసేదాన్ని గదరా పాలూ!" అని ఆమె బాత్రూం గుమ్మంలోనే కూలబడి ఏడ్చింది.

మర్నాడు జెస్సీ బతిమాలింది. "కాళ్ళు చాపి కూచో అవ్వా. వేడి నేను చూస్తాను, నేనే పోస్తాను. బిడ్డ మాత్రం నీ కాళ్ళ మీదే ఉండాల."

రెబెకమ్మ చీర పైకి దోపుకుని కూచుంది. జెస్సీ బిడ్డను ఆమె కాళ్ళ మీద పడుకోబెట్టి, చెంబు అందుకోబోతూ పకపకా నవ్వింది.

"ఏందే నవ్వుతా ఉండావు?"

"నీ మీద ఉచ్చ పోసేసిందవ్వా!"

రెబెకమ్మ వంగి చూసింది. కాళ్ళ వెంట తడి కారుతోంది. కంటికి కనబడితే గాని ఆమెకు తెలియలేదు. ఎందరి బిడ్డల వెచ్చదనమో ఎరిగిన కాళ్ళవి. తనూ నవ్వబోయింది గాని నవ్వు రాలేదు.

"పొయ్యవే," అంది, "బిడ్డకు చలేస్తాది."