ఆరు ఎలుకలు

ఆ పరిశోధనశాలలో అందరూ ఆమెను కత్తెరమ్మ అనేవారు. ఎదురుగా కాదు లెండి, చాటుగా. శాస్త్రవేత్తలు డొంకతిరుగుడుగా రాసి పడేసిన పత్రాలను నలుగురికీ అర్థమయ్యేలా తిరగరాయడం ఆమె ఉద్యోగం. వాళ్లు అరపేజీ సాగదీసిన సంగతిని రెండు వాక్యాల్లో తేల్చేసేది. పదమూడేళ్లుగా అదే పని. అచ్చయ్యాక పేర్లు మాత్రం వాళ్లవే. సొమ్మొకడిది, సోకొకడిది.

ఈసారి విభాగాధిపతి తనంతట తానే మాటిచ్చాడు. కాలిన గాయాలకు కొత్త లేపనం మీద పత్రం అది. "ఇది బాగా కుదిర్చి పెట్టమ్మా, రచయితల్లో నీ పేరు కూడా వేయిస్తా" అన్నాడు. ఆ రోజు ఆమెకు కాళ్లు నేల మీద నిలవలేదు. ఇంటికి వెళ్లి భర్తకు చెబితే, ఆయన గంటలో బంధువులందరికీ టాంటాం వేశాడు.

ఆమెకో అలవాటుంది. ప్రయోగం ఎన్నిటితో మొదలైందో పేజీ అంచున పెన్సిలుతో రాసుకుని, చివరి పట్టిక దాకా లెక్క చూసుకుంటూ వెళ్తుంది. ఈ పత్రంలో మొదలైన ఎలుకలు నలభై. పట్టికలో ఉన్నవి ముప్పై నాలుగు. ఎలుకల గది రిజిస్టరు తిరగేస్తే దొరికింది. లేపనం రాసిన ఇరవైలో ఆరు నాలుగో రోజున చచ్చిపోయాయి. ఎందుకో ఎవరూ రాయలేదు.

ఆ సంగతిని కత్తెరమ్మ ఒకే వాక్యంగా పత్రంలో చేర్చి, చివర "కారణం మాకు తెలియదు" అని ముగించింది.

మర్నాడే పిలుపు వచ్చింది.

"ఏంటమ్మా ఇది, కొంప ముంచుతావా?" అన్నాడు విభాగాధిపతి.

"చచ్చిపోయాయి కదండీ."

"ఎలుకలన్నాక చస్తాయి. దాన్నింత విడమరిచి చెప్పాలా? పూర్తి వివరాలు దొరికినవాటినే లెక్కలోకి తీసుకున్నాం అని రాసెయ్. అబద్ధమేం కాదుగా."

"అబద్ధం కాదండీ. కానీ చదివినవాళ్లకి నిజం తెలీదు. రేపు ఈ లేపనాన్ని మనుషులకి రాస్తారు."

"నీ పని భాష. మిగతాది మాకొదిలెయ్." ఆయన గొంతు తగ్గించాడు. "పేరు కావాలా, వద్దా?"

కావాలి. ఎందుకు వద్దు? పదమూడేళ్ల ఆకలి అది.

"ఆ వాక్యం లేకపోతే నా పేరు వద్దండీ" అని బయటికి వచ్చేసింది.

అంతకుమించి ఏమీ చేయలేదు. పత్రం అచ్చేసే పత్రిక సంపాదకుడికి ఉత్తరం రాద్దామని రెండుసార్లు కూర్చుంది. ఉద్యోగం పోతుందన్న భయంతో రెండుసార్లూ లేచిపోయింది. అందుకు తన మీద తనకే రోత పుట్టింది.

మూడు నెలలకు పత్రం అచ్చయింది. ఆ వాక్యం లేదు. రచయితల్లో ఆమె పేరూ లేదు. అమ్మయ్య అనుకుంటూ చివరి పేజీ తిప్పింది. అక్కడ కృతజ్ఞతల్లో, ఈ పత్రం ఇంత స్పష్టంగా, ఇంత సమగ్రంగా రావడానికి ఆమే కారణమంటూ ఆమె పేరును ఇంటిపేరుతో సహా వేశారు. ఆమెను ఒక్కమాట అడగలేదు.

భర్త ఆ పేజీని ఫొటో తీసి అందరికీ పంపాడు. "చూశావా, మొత్తానికి నీ పేరు అచ్చులో పడింది! ముఖమేంటి అలా పెట్టావు?"

ఆమె ఆ ఆరు ఎలుకల గురించి ఎవరైనా అడుగుతారని ఎదురుచూస్తూనే ఉంది. అందరూ పేరు చూసి అభినందించారు. లెక్క ఎవరూ చూడలేదు.