చాటెడు తవుడు

వర్షాకాలము కడచి చెరకుతోటలు వెన్నులు వేయు దినములవి. రాత్రి కురిసిన జల్లు ఆకుల యంచులనుండి యింకను జాఱుచుండగా సముద్రమువైపునుండి వీచు చల్లగాలికి మారిషసు దీవియందలి యా విశాలేక్షుక్షేత్రము రజతవర్ణపుష్పగుచ్ఛములను తలలకెత్తుకొని యొకపరి యిటును నొకపరి యటును నొఱగుచు బాలసూర్యకిరణములలో మెఱయుచుండెను. ఆ క్షేత్రమధ్యమున శ్వేతస్తంభవిరాజితమై విశాలసోపానశోభితమైన యొక ప్రాచీన ప్రభుభవనము నిలిచి యుండెను. దాని వెనుక వంటయింటిని దాటి పోయినచో పైకప్పు కూలి నల్లరాతిగోడలు మాత్రము మిగిలిన కుఱుచగదుల వరుస కనబడును. భవనమును చూడ వచ్చువారు పెక్కండ్రు. గదులను చూడ పోవువారు కొందఱే.

ఆ కొందఱిలో నాడు తవిటమ్మ యొకతె. ఆమె శ్రీకాకుళపు సీమలో చిరకాలము తెలుగు పంతులమ్మగా నుండి విశ్రాంతి గొని యా దీవియందు జరిగిన తెలుగుసభకు వచ్చి యుండెను. ఆమెను వెంటబెట్టుకొని వచ్చినవాడు అచ్చటి పాఠశాలలో తెలుగు బోధించు అప్పలసామి మాస్టారు. ఆయన పూర్వులు ఒడంబడికపై చెరకు నఱుకుటకు వచ్చిన కూలీలు. వీథులలో వినక పుస్తకములలో చదివి నేర్చిన తెలుగగుటచే ఆయన టీ త్రాగుదురా యని యడుగుటకు సయితము "తేనీటిని సేవింతురా" యనును. తవిటమ్మ కొంగు నోటికడ్డము పెట్టుకొని నవ్వును. ఆయన యేమియు ననుకొనడు.

వారికి తోటను చూపినది రొజెలీ యను ముదుసలి. ఆమె వంశమువారు ఆ తోటలో దాసులై బ్రతికినవారు. భవనమునందలి నిలువుటద్దములను దీపగుచ్ఛములను రెండు మాటలలో ముగించి యామె రాతిగదులకడ చాలసేపు నిలిచెను. తన దీవిభాషలో ఆమె చెప్పుచుండగా మాస్టారు తెలుగున వినిపించుచుండెను. మడగాస్కరునుండియు ఆఫ్రికాతీరమునుండియు పశువులవలె కొని తేబడినవారిని ఆ గదులలో క్రుక్కి యుంచెడివారట. గంట మ్రోగినంతనే బాలెంతలు సయితము పొలమునకు పోవలయునట. పసికందులను సాలు చివర చెరకాకు పఱచి పరుండబెట్టి యేడ్చినను వెనుదిరిగి చూడక పనిచేయవలయునట. కొందఱు మీ దేశపు తూర్పుతీరమునుండియు అమ్ముడువోయి వచ్చిరనియు తమ మూలపుటవ్వ యట్టిదే యనియు రొజెలీ చెప్పినప్పుడు తవిటమ్మ చప్పున ఆమెవైపు తిరిగెను. తనవారు కూలికి మాత్రమే సముద్రము దాటిరని ఆమె యన్నాళ్లును పిల్లలకు చెప్పుచు వచ్చెను. ఆమె ఒక ద్వారబంధముకడ రాతిని చేతితో నిమిరెను.

అంతలో కంచె కవతలనుండి పసిపిల్ల యేడ్పు వినవచ్చెను. అది రొజెలీ యిల్లు. ఆమె వారిని లోనికి పిలిచి టీ యిచ్చెను. వాకిట లిచీచెట్టు క్రింద ఆమె కూతురు నదేజ తన ఆడుశిశువును రొమ్మున కదుముకొని కూర్చుండెను. అంతకుముందు పుట్టిన బిడ్డలిద్దఱును ఊయలలోనే కన్నుమూసిరి. చూరు క్రింద ఒక చాటలో తవుడు పోసి యుండెను. రొజెలీ ఆ చాట పెట్టిన దినమునుండి తల్లికూతుండ్రకు మాటలు లేవని మాస్టారు మెల్లగా తెలిసికొని చెప్పెను.

కారణ మిది. పుట్టిన బిడ్డలు దక్కని యింట మఱల శిశువు కలిగినచో దానిని పొరుగు స్త్రీకి చాటెడు తవుటికి అమ్మవలయునని వారి వంశాచారము. పరుల సొమ్మును మృత్యువు ముట్టదని వారి నమ్మకము. అమ్మిన పిమ్మట తల్లి యా శిశువును నాదని యనరాదు. రొజెలీ యక్క అట్లే అమ్ముడువోయి పొరుగింటనే పెరిగి బ్రతికి యున్నన్నాళ్లును కన్నతల్లిని అమ్మా యని పిలువలేదు. అయినను ఆమె బ్రతికినది గదా యని రొజెలీ వాదము. మనుమరాలు ఎవరి యింట నున్నను ఊపిరితో నుండిన చాలునని ఆ ముదుసలి కన్నీరు పెట్టుకొనెను.

తవుడను మాట వినగానే తవిటమ్మ చేతిలోని టీగ్లాసు క్రింద పెట్టెను. ఆమెకా పేరు వచ్చినది తవుటివలననే. తనకు ముందు పుట్టినవారు పోగా తన తల్లి ఎదురింటి పోలమ్మకు తన్ను చాటెడు తవుటికి అమ్మెను. హాస్టలులో తోడిపిల్లలు ఆ పేరు పట్టుకొని ఏడిపింపగా మార్చుకొనవలెనని తలచియు పోలమ్మ నొచ్చుకొనునని మానుకొనెను.

అప్పుడు నదేజ తొలిసారి నోరు విప్పెను. మాస్టారు కన్నులు దించుకొని ఆమె మాటలను తెలుగుచేసెను.

"ఆ రాతిగోడల నడుమ మావారిని అమ్మిరి. ఆటకైనను నా బిడ్డను నేనమ్మను. కన్నబిడ్డను నాది కాదన్న మూలపుటవ్వ యొకతె మా వంశమునకు చాలును."

ఆ మాట కర్థమేమని తవిటమ్మ యడుగగా రొజెలీ తలవంచుకొని చెప్పెను. మూలపుటవ్వ తన శిశువును తవుటికి పొరుగుగది స్త్రీకి అమ్మిన నాడే తోటదొర యా స్త్రీని దూరపుతోటకు అమ్మివేసెను. బండి వచ్చి నిలిచెను. ఆమె యొడిలోని శిశువు ఎవరిదని దొర యడిగెను. కన్నతల్లి యెదుటనే నిలిచి నాది కాదనెను. బండి శిశువుతో వెడలిపోయెను. ఇది మా యింటి మచ్చ యనియు తరతరములుగా తల్లులు బిడ్డలకు తలవంచుకొనియే చెప్పుకొందురనియు రొజెలీ ముగించెను.

తవిటమ్మకు దుఃఖ మాగలేదు. పంతులమ్మ భాష యెటుపోయెనో, పుట్టినయూరి మాటయే నోటికి వచ్చెను.

"అది బిడ్డని వొదిలేయడం కాదమ్మా. నాదీ అంటే సావు ఇంటాదని బయం. మాపటికి తిరిగి తన సేతికొచ్చేస్తాదనుకుంది, పిచ్చితల్లి."

పిమ్మట ఆమె తన సీమలోని యాచారమును పూర్తిగా చెప్పెను. అమ్ముట సగమే. కొన్న స్త్రీ నాటి మాపటివేళకే శిశువును తెచ్చి తన బిడ్డను పెంచి పెట్టుమని కన్నతల్లి చేతనే పెట్టును. తల్లి యెన్నడును బిడ్డను విడువదు. బిడ్డకు ఇంకొక తల్లి కలుగును, అంతియే. పోలమ్మ పోవువఱకును ఏటేట కొత్తబట్టలు తెచ్చి నా పిల్ల యని తన్ను ముద్దాడెడిది. ఆ తోటలో మాపటివేళకు మునుపే బండి వచ్చుటచే రెండవ సగము జరుగలేదు. జరుగనిదానిని ఆ తల్లి యెవరికి నేర్పగలదు?

రొజెలీ నేలపై చతికిలబడెను. అన్ని తరములు నిందించిన యా తల్లికొఱకు ఆమె బిగ్గరగా నేడ్చెను. తన యక్కకొఱకును ఏడ్చెను. మాస్టారు కండ్లద్దములు తుడుచుకొనుచు అటు తిరిగి నిలిచెను.

నదేజ బిడ్డను ఇంకను గట్టిగా అదుముకొనెను. తుదకు, మీరే కొన్నచో బిడ్డను ఎంతసేపు ఎత్తుకొందురని మాత్రము తవిటమ్మను అడిగెను.

"నువ్వు సాచిన సెయ్యి దించేలోపు" అని తవిటమ్మ చెప్పెను.

తవుటికి మృత్యువు మోసపోవునా యన్నచో తవిటమ్మయు నమ్మదు. వైద్యునికి చూపుట మానవలదని ఆమెయే మున్ముందుగ బోధించెను. అయినను బిడ్డలను పోగొట్టుకొన్న తల్లి ఒంటరిగా భయపడరాదని ఆమె యెఱుగును. ఆమె చూరు క్రింది చాట నెత్తి తవుడంతయు నదేజ యొడిలో పోసెను. నదేజ బిడ్డ నందించెను. తవిటమ్మ శిశువు నుదుట ముద్దిడి తడవు చేయక చాచియున్న యా చేతులలోనే మఱల నుంచెను.

"ఈ పిల్ల నాదే. నాకు పెంచే ఓపిక నేదు. నువ్వే పెంచు తల్లీ."

మాస్టారు ఆ మాటలను దీవిభాషలో చెప్పెను. పెంచెదనని నదేజ యనెను. ఆమె యొడిలో తవుడు, తవుటిపై బిడ్డ, బిడ్డపై వంగిన రొజెలీ నెరసిన తల యట్లే చాలసేపుండెను. ఆ తోటలో జరిగిన క్రయములన్నియు బిడ్డను తల్లికి దూరము చేసి ముగిసినవి. ఆ యొక్క క్రయము తల్లియొడిలో ముగిసెను.