పీతలమెరక అడ్డరోడ్డు మీద బొమ్మ పోలీసు

నేను ఒక బొమ్మను. ఫైబరు ఒళ్లు, లోపలంతా డొల్ల. ముక్కు మాత్రం తీర్చిదిద్దినట్టుంటుంది. ఈ మాట నా గొప్ప కోసం చెప్పడం లేదు, భీమవరం బట్టల దుకాణానికి వచ్చిన ఆడవాళ్లు అనుకుంటుంటే విన్నాను. విజయవాడలో ఒక రేకుల షెడ్డులో నన్ను అచ్చులో పోసి, గరుకు కాగితంతో రుద్ది, రంగు వేసి లారీ ఎక్కించారు. అదే ముక్కుతో పుట్టినవాళ్లు ఇంకా చాలామంది ఉన్నారు. వాళ్లంతా ఏ ఊళ్లో ఏ చొక్కా తొడుక్కుని నిలబడ్డారో నాకు తెలియదు.

దుకాణంలో నా ఉద్యోగం పెళ్లికొడుకు. అద్దం వెనక షేర్వాణీ వేసుకుని, కుడి చెయ్యి కాస్త ముందుకు చాచి నిలబడేవాణ్ని. జనం నా ఒంటి మీది బట్టలు చూసి మోజుపడి కొనుక్కునేవారు. ఇంటికెళ్లి తొడుక్కుని అద్దంలో చూసుకుని నా మీద కోపం తెచ్చుకునేవారు. మర్నాడు పొద్దున్నే వచ్చి, బొమ్మకి బాగుంది మాకు బాగోలేదేమిటని గొడవ. నేనేం చెయ్యను? నాకు పొట్ట లేకపోవడం నా తప్పా? కొన్నేళ్లకి తల లేని బొమ్మలు ఫ్యాషనయ్యాయి. తల ఉండడమే నేరమై నేను గోడౌనులో పాత అట్టపెట్టెల మధ్యకి చేరాను.

అక్కణ్నుంచి నన్ను బయటికి తెచ్చినవాడు ట్రాఫిక్ హెడ్ కానిస్టేబులు ఏసుపాదం. కూతురికి బడి బట్టలు కొనడానికి వచ్చి, గోడౌను తలుపు సందులోంచి నన్ను చూశాడు. "ఆ మనిషిని ఇస్తారా?" అని అడిగాడు. నన్ను మనిషి అన్నవాడు అంతకుముందు ఎవడూ లేడు. యజమాని మాత్రం పీడ విరగడైందని ఆటో కూడా తనే మాట్లాడి పంపించాడు.

ఏసుపాదానికి నాతో ఏం పనో చెప్పాలి. పీతలమెరక అనే చిన్న ఊరిని హైవే రెండుగా చీల్చేసింది. ఇటువైపు ఇళ్లు, అటువైపు రొయ్యలు ఒలిచే షెడ్డు. తెల్లవారగానే ఆడవాళ్లంతా గుంపుగా ఆ రోడ్డు దాటాలి, సాయంత్రం మళ్లీ దాటాలి. షెడ్డు మేస్త్రీ దయామణి. నేను రావడానికి ముందటి ఏడాది ఆమె సొంత చెల్లెలు అక్కడే కారు గుద్ది చనిపోయింది. ఆ కారు ఎవరిదో ఇప్పటికీ తెలియదు. స్పీడ్ బ్రేకరు వెయ్యమని ఊరివాళ్లు అర్జీ పెడితే హైవే మీద కుదరదన్నారట. పోలీసుల దగ్గర వేగం కొలిచి ఫొటో తీసే స్పీడ్ గన్ ఉంది గాని, ఒక్కటే. చుట్టుపక్కల స్టేషన్లన్నీ వంతులు వేసుకుని వాడుకోవాలి. అది ఏ రోజు ఎక్కడుందో పోలీసులకంటే ముందు డ్రైవర్లకి తెలిసిపోతుంది. ఎదురొచ్చే బండి లైట్లు రెండుసార్లు ఆర్పి వెలిగిస్తే చాలు, వెనక వచ్చేవాళ్లంతా బుద్ధిమంతులైపోతారు. గన్ దాటిన మరుక్షణం మళ్లీ మామూలే.

ఏసుపాదం తన పాత తెల్ల చొక్కా, ఖాకీ ప్యాంటు నాకు తొడిగి, టోపీ పెట్టాడు. చాచిన నా చేతిలో తన భార్య పాడైపోయిన హెయిర్ డ్రయ్యర్‌కి నల్లరంగు పూసి కట్టాడు. దూరం నుంచి చూస్తే అచ్చం స్పీడ్ గన్నే. డివైడరు మధ్యలో జనం దాటడానికి వదిలిన చోట నన్ను నిలబెట్టి, గాలికి పడిపోకుండా కాళ్లు ఇనపకడ్డీకి బిగించాడు. తరువాత రోడ్డు అవతలికి వెళ్లి, తల అటూ ఇటూ వంచి చాలాసేపు చూసుకుని తృప్తిపడ్డాడు.

నా వైభవం చూడాలి మీరు. నేను కంటబడగానే టైర్లు కీచుమనేవి. ఫోన్లు చెవుల మీంచి దిగేవి, సీటు బెల్టులు భుజాల మీదికి ఎక్కేవి. కారులో కూర్చున్న ఒక పెద్దమనిషి ప్రతి సోమవారం నాకు నమస్కారం పెట్టి వెళ్లేవాడు. పెళ్లికొడుకుగా ఉన్నన్నాళ్లూ నాకు ఇంత మర్యాద జరగలేదు.

వాళ్లందరిలో లోవరాజు గురించి ప్రత్యేకంగా చెప్పాలి. అతనిది నీలం వ్యాను. చెరువుల దగ్గర పట్టిన రొయ్యల్ని ఐసులో వేసుకుని ఫ్యాక్టరీకి చేరవెయ్యడం అతని పని. ఐసు కరిగితే సరుకు మెత్తబడుతుంది, తిట్లు తినాల్సింది అతను. అందుకని వ్యానుని ఎప్పుడూ పరుగెత్తించేవాడు. నేను రాకముందు ఒకసారి ఇదే చోట నిజమైన గన్‌కి దొరికిపోయాడు. చలానా యజమాని ఫోనుకి వెళ్లింది, యజమాని జీతంలో కోసేశాడు. అప్పట్నుంచీ ఈ చోటు వచ్చిందంటే లోవరాజు పాట ఆపేసి, రెండు చేతులూ స్టీరింగు మీద పెట్టి, పెళ్లి ఊరేగింపులో బండిలా మెల్లగా వచ్చేవాడు. నన్ను దాటి కాస్త దూరం పోయాక ఇంజను గుర్రుమనేది. అతని భయం వేగమంటే కాదు, నేనంటే.

ఈ సంగతి ఏసుపాదం దయామణి దగ్గర చెప్పుకుని దిగులుపడ్డాడు. ఇంతా చేసి వాళ్లు మారేది ఈ కాస్త మేరలోనే కదా అన్నాడు.

"ఆ కాత్తే మాకు చాలండి హెడ్డుగారూ. మేవు దాటేది ఇక్కడేగా," అంది దయామణి.

అదీ నిజమే. ఆ కొన్ని నెలలూ షెడ్డు ఆడవాళ్లు పరుగెత్తకుండా, మాట్లాడుకుంటూ, ఒకళ్ల మీద ఒకళ్లు చెయ్యి వేసుకుని రోడ్డు దాటారు. నా పక్కనుంచి వెళ్తూ నా చొక్కా సర్దేవారు. నాకు అంతకంటే ఏం కావాలి?

ఒక మధ్యాహ్నం లోవరాజు వ్యాను టైరు పంక్చరై నాకు కాస్త ఇవతల ఆగిపోయింది. హైవే మీద బండి ఆపినందుకు మళ్లీ చలానా రాస్తానేమోనని అతనే నా దగ్గరికి వచ్చాడు. చేతులు కట్టుకుని నిలబడి, ఇప్పుడే తీసేత్తాను సార్, స్టెప్నీ ఎక్కించేత్తే అయిపోద్ది అన్నాడు. నేను పలకలేదు. ఐసు సంగతి చెప్పాడు, యజమాని సంగతి చెప్పాడు, ఇంట్లో చంటిపిల్ల సంగతి చెప్పాడు. బతిమాలుతూ బతిమాలుతూ నా చేతి వంక చూశాడు. డ్రయ్యర్ నుంచి కోసేసిన వైరు మొదలు వేలాడుతోంది. ఇంకా దగ్గరికి వచ్చి నా బుగ్గ మీద వేలితో కొట్టి చూశాడు. టకటకమంది.

నవ్వుతాడనుకున్నాను. నవ్వలేదు. మొహం కందగడ్డలా అయింది. ఇన్నాళ్లూ తన పాట ఆపించింది, తనచేత చేతులు కట్టించింది ఒక ప్లాస్టిక్ సరుకని తెలిస్తే ఎవరికైనా ఎలా ఉంటుంది?

సాయంత్రానికి ఐసు ఫ్యాక్టరీ దగ్గర టీ కొట్టులో కథంతా పాకిపోయింది. మర్నాటి నుంచి బళ్లు నేను రాకముందు ఉన్న వేగానికి వెళ్లలేదు, దానికంటే ఎక్కువ వేగానికి వెళ్లాయి. మోసపోయామన్న ఉక్రోషం కూడా యాక్సిలరేటరు మీద పడింది. పైగా ఒక ఆట మొదలైంది. డ్రైవరు సీటు డివైడరు వైపే కదా, కిటికీలోంచి చెయ్యి చాచి, నన్ను రాసుకుంటూ పోతూ నా టోపీ ఎగరగొట్టడం. దాన్ని మొదలుపెట్టింది లోవరాజే. తరువాత చాలామంది నేర్చుకున్నారు. పోలీసుని కొట్టి తప్పించుకుపోయే అదృష్టం ఇంకెక్కడ దొరుకుతుంది వాళ్లకి? టోపీ రోడ్డు మీద దొర్లితే దయామణి రోజూ ఏరుకొచ్చి, దుమ్ము దులిపి, మళ్లీ నా తలకి పెట్టేది. పెడుతూ వాళ్లని తిట్టేది, ఒక్కోసారి నన్ను కూడా.

ఆడవాళ్లు మళ్లీ పరుగులు మొదలుపెట్టారు. ఒకామె పరుగెత్తి పడి మోకాలు చితగ్గొట్టుకుంది. వెనక వచ్చిన లారీ ఎలా తప్పుకుందో దాని డ్రైవరుకే తెలియాలి. ఆ సాయంత్రం దయామణి ఏసుపాదం ఎదుట నిలబడి, అరవకుండా, మెల్లగానే చెప్పింది.

"మీ బొమ్మ లేనప్పుడే నయవండి. అప్పుడు మా కళ్లని మేవు నమ్ముకునీవోళ్లం."

ఏసుపాదం తన టోపీ తీసి చేత్తో పట్టుకుని, దూసుకుపోయే బళ్లని చూస్తూ నా పక్కనే నిలబడ్డాడు.

స్పీడ్ గన్ వంతు పీతలమెరకకి వచ్చిన రోజున ఆయన ఆ సంగతి ఎక్కడా పొక్కనివ్వకుండా, తెల్లవారకముందే వచ్చి నా కట్లు విప్పాడు. డివైడరు మీది గన్నేరు పొదల్లో నన్ను పడుకోబెట్టి, నా చోట తను నిలబడ్డాడు. నాలాగే కుడి చెయ్యి చాచాడు, ఆ చేతిలో మాత్రం అసలు గన్. రెప్ప వెయ్యలేదు, మెడ తిప్పలేదు. ఆకుల సందులోంచి చూస్తుంటే నాకే అనుమానం వచ్చింది, అక్కడున్నది నేనే కాబోలని. బళ్లు ఎప్పటిలాగే దూసుకొచ్చాయి. ఆయన వంక చూసి కొందరు వెక్కిరించారు, కొందరు కన్ను గీటారు. వాళ్లంతా ఆ నవ్వు మొహాలతోనే గన్‌లో ఫొటోలైపోయారు. నాకు పడుకున్నచోటే నవ్వొచ్చింది.

అప్పుడు నీలం వ్యాను వచ్చింది. పాట గట్టిగా మోగుతోంది. కిటికీలోంచి చెయ్యి అప్పటికే బయటికి వచ్చి ఉంది. ఏసుపాదం దాన్ని చూశాడు. చివరి నిమిషంలో వెనక్కి తప్పుకుందామనుకున్నాడేమో, లేక ముందు ఆ వేగం గన్‌లో పడనిద్దామనుకున్నాడేమో. కదలలేదు. చెయ్యి టోపీకి తగల్లేదు, చెంపకి తగిలింది. దాని వెనకే వ్యాను అద్దం భుజాన్ని కొట్టింది. ఆయన అమ్మా అంటూ వచ్చి నా పక్కన గన్నేరు కొమ్మల మీద పడ్డాడు.

వ్యాను చాలా దూరం పోయి ఆగింది. పారిపోవచ్చు లోవరాజు. పారిపోలేదు, పరుగెత్తుకొచ్చాడు. పొదలో ఇద్దరం పక్కపక్కన పడి ఉన్నాం, ఒకే చొక్కా, ఒకే ప్యాంటు. అతను ముందు నా వంక చూశాడు. చూస్తూ అలాగే ఉండిపోయాడు. తను కొట్టింది నన్నేనని ఎవరైనా చెబితే బాగుండునన్నంత ఆశ ఆ కళ్లలో కనిపించింది. పక్కన మనిషి మూలిగాడు.

షెడ్డులోంచి దయామణి పరుగున వచ్చింది. ఇద్దరూ కలిసి ఏసుపాదాన్ని వ్యాను ముందు సీట్లోకి ఎక్కించారు. ఆయన తల ఒళ్లో పెట్టుకుని దయామణి కూర్చుంది. వ్యాను ఆసుపత్రికి బయల్దేరింది. వెనక నుంచి ఐసు నీళ్లు రోడ్డు మీద కారుతూ పోయాయి.

ప్రాణం నిలిచింది. కుడి చెయ్యి మాత్రం ఇప్పటికీ భుజం దాటి పైకి లేవదట. స్టేషన్లో కుర్చీ పని ఇచ్చారు. ఆ రోజు గన్‌లో పడ్డ చివరి ఫొటో లోవరాజుదే, కిటికీలోంచి చాచిన అరచెయ్యితో సహా. కేసు పెట్టారు, లైసెన్సు కొన్ని నెలలు లాగేసుకున్నారు. ఇకమీదట రోడ్డు మీద బొమ్మలు నిలబెట్టకూడదని పైనుంచి ఆర్డరు వచ్చింది. పారెయ్యడానికి తీసిన నన్ను దయామణి షెడ్డు అరుగు మీదికి చేర్పించింది. ఇప్పుడు నా చాచిన చేతికి ఆడవాళ్లు తడి ఆప్రాన్లు తగిలిస్తారు. మొహం రోడ్డు వైపే ఉంది గనక అంతా కనిపిస్తుంది.

కొన్నాళ్లు అందరూ మెల్లగా వెళ్లారు. ఎవరు బొమ్మో ఎవరు మనిషో తెలియని భయం. ఆ భయం కూడా నెమ్మదిగా కరిగిపోయింది. బళ్లు మళ్లీ మామూలు వేగానికి వచ్చాయి, ఆడవాళ్లు మళ్లీ రోడ్డు పక్కన నిలబడి ఎదురుచూడడం మొదలుపెట్టారు.

లైసెన్సు తిరిగొచ్చాక లోవరాజు మళ్లీ అదే వ్యాను ఎక్కాడు. మొదట్లో ఈ చోటుకి రాగానే బండి పూర్తిగా ఆపేసేవాడు, రోడ్డు మీద ఎవరూ లేకపోయినా. చూసి నాకు కడుపు నిండినట్టయింది. వర్షాలు తగ్గేసరికి ఆపడం మానేసి మెల్లగా వెళ్లడం మొదలుపెట్టాడు. చెరువుల్లో రొయ్యలు పట్టే రోజులొచ్చాయి, ఐసు తొందర ఎక్కువైంది. ఒక హారన్ కొట్టి, గన్నేరు పొదల వైపు చూడకుండా మొహం తిప్పుకుని వెళ్లిపోయేవాడు. నాకు అతని మీద కోపం రాలేదు, భయం వేసింది. అంత పెద్ద దెబ్బ ఇంత తొందరగా మరుపున పడితే ఇక ఈ ఆడవాళ్లకి దిక్కేది?

ఒక పొద్దున పని వేళ మించిపోతోంది. బళ్లు సందు ఇవ్వడం లేదు. దూరాన నీలం వ్యాను కనిపించింది. దయామణి రోడ్డు మీదికి దిగింది. పరుగెత్తలేదు, నడుస్తోంది. హారన్ మోగింది. ఆమె ఆగలేదు. వ్యాను అడ్డదిడ్డంగా జారి, ఆమెకి జానెడు దూరంలో ఆగింది. ఐసు ట్రేలు లోపల దభదభా పడ్డాయి.

"సత్తావేంటక్కా!" అని లోవరాజు కిటికీలోంచి అరిచాడు.

దయామణి బానెట్ మీద చెయ్యి ఆనించి నిలబడింది.

"నీ బండి సూసే దిగేను. ఆ రోజు హెడ్డుగారి తల నా ఒళ్లో ఉంది. నీ సెయ్యి గేరు మీద నిలవకుండా వణికిపోవడం నేను సూసేను. మనిసికి తగిల్తే ఎలాగుంటాదో ఈ రోడ్డు మీద నీకొక్కడికే తెలుసు లోవరాజూ. నువ్వే ఆగకపోతే ఇంకెవడాగుతాడు?"

లోవరాజు స్టీరింగు మీద తల ఆనించాడు. ఆడవాళ్లంతా ఒక్కొక్కరే వ్యాను ముందునుంచి దాటి డివైడరు మీదికి చేరారు. వెనక బళ్లు ఊరంతా వినిపించేలా హారన్లు మోగించాయి. తరువాత అతనే వ్యానుని ఇంకాస్త అడ్డం తిప్పి, వెనక వాళ్లెవరూ పక్కనుంచి దూరకుండా ఆపాడు.

ఇప్పుడు రోజూ ఇదే. పీతలమెరక ఆడవాళ్లు వచ్చిన బళ్లన్నీ పోనిచ్చి, నీలం వ్యాను కోసం చూస్తారు. అది కనిపించగానే దయామణి ముందు దిగుతుంది, మిగతావాళ్లు ఆమె వెనక. లోవరాజు ఆపుతున్నాడు. ఇంతవరకూ ఆపుతున్నాడు. కానీ ఒక్కోరోజు వ్యాను వేగం తగ్గడం కాస్త ఆలస్యమవుతుంది. దయామణి అడుగు మాత్రం ఆలస్యం కాదు. అప్పుడు నాకు కళ్లు గట్టిగా మూసుకోవాలనిపిస్తుంది. నా కళ్లు మూతపడవు.