దగ్గు మందు పోయే ఊరు

జిగురు బ్రష్షును గిన్నె అంచుకు రాసి, సీసాను ఎడమచేతిలో ఒక చుట్టు తిప్పి, లేబుల్ అంటించి, బొటనవేలితో పైనుంచి కిందికి నిమిరింది రూతు. ఆమె నిమిరిన లేబుల్ కింద గాలిబుడగ మిగలదు. నాచారం పారిశ్రామికవాడ వెనక సందులోని ఆ చిన్న మందుల ఫ్యాక్టరీలో ఆమె పనికి చేరినప్పుడు కూతురు చంకలో ఉండేది. ఆ కూతురు అరుణకుమారి ఇప్పుడు అంబర్‌పేట్‌లో కాపురం చేసుకుంటూ తన పిల్లల్ని బడికి పంపుతోంది. ఇన్నేళ్ల జిగురుకు రూతు బొటనవేలు బిరుసెక్కి, చింతగింజలా నున్నబడింది.

ఆవేళ ఆమెకు మధ్యాహ్నం దాకే పని. సాయంత్రం సికింద్రాబాదులో మద్రాసు బండి ఎక్కి, అక్కడ మరో బండి మారి, కొచ్చిన్ వెళ్లబోతోంది. ఒక్కతే.

ఆ ఊరి పేరు ఆమెకు అట్టపెట్టెల మీద పరిచయమైంది. ఏటా ఎండాకాలం చివర దగ్గు మందు పెట్టెలు లారీకెక్కేటప్పుడు సగానికి సగం వాటి మీద నల్లరంగుతో అదే పేరు ఉండేది. ఆ ఊళ్లో అందరికీ దగ్గేనా అని సరుకెత్తే పోశయ్యను ఒకసారి అడిగింది.

"ఆడ యాడాదిల సగం వానేనటక్కా. తడుస్తనే ఉంటరు, దగ్గుతనే ఉంటరు," అన్నాడు పోశయ్య.

లెక్కలు చూసే రామ్మోహనరావు ఫ్యాక్టరీ పని మీద ఒకసారి అక్కడికి వెళ్లొచ్చాడు. అక్కడి జనం ఆఫీసులకు పడవల్లో వెళతారని, మనం బస్సెక్కినట్టే టికెట్టు కొనుక్కుని పడవెక్కుతారని, కండక్టరు కూడా ఉంటాడని చెప్పాడు. చిల్కానగర్‌లో కోడి కూయకముందే నల్లా దగ్గర బిందె వరసలో పెట్టి, సన్నటి ధార కోసం కొంగు నడుముకు చుట్టి పోట్లాడే మనిషికి ఆ మాట మనసులో పడి ఊరుకోలేదు. నీళ్ల మీద నడిచే సిటీ బస్సు. లేబుళ్లు అంటిస్తూ ఆ మాటే తలుచుకుని నవ్వుకునేది.

ఆమె ఊళ్లు చూడలేదని కాదు. క్రిస్మస్‌కు మెదక్ చర్చికి వెళ్లింది, బంధువుల పెళ్లిళ్లకు చాలాచోట్లకు వెళ్లింది. అయితే ఏ ప్రయాణంలోనూ దారి ఎలా ఉందో చూసిన గుర్తు లేదు. ఒడిలో ఎవరి బిడ్డో నిద్రపోతూ ఉండేది. కాళ్ల దగ్గర పులిహోర గిన్నె ఒరిగిపోకుండా పట్టుకోవాల్సి వచ్చేది.

కొచ్చిన్ వెళతానని ఆమె బయటికి చెప్పేసరికి ఒక వానాకాలం గడిచిపోయింది. చెప్పాక అందరూ తలా ఒక ఉపాయం తెచ్చారు. చర్చి ఆడవాళ్లు తాము వేళాంగణ్ణి వెళుతున్నామని, తమతో బస్సులో వచ్చేయమని అన్నారు. అరుణకుమారి తన మొగుణ్ణి తోడు పంపుతానంది. రామ్మోహనరావు టికెట్టు తాను తీయించి పెడతానన్నాడు. రూతు అందరికీ తలూపింది. ఒక సెలవునాడు సికింద్రాబాదు వెళ్లి, క్యూలో నిలబడి, ఒక్క టికెట్టు తీసుకుని వచ్చింది. నాచారం దవాఖానాలో పనిచేసే మలయాళీ నర్సు ఏలియమ్మ దగ్గర కూర్చుని, పడవల రేవు పక్కనే ఆడవాళ్లకు గది ఇచ్చే కన్యాస్త్రీల సత్రం ఉందని తెలుసుకుంది. నీళ్లు అడగడం, దారి అడగడం ఆ భాషలో నేర్చుకుంది.

భర్త నర్సయ్యకు చెప్పడమే కష్టమైంది. అతను ఉప్పల్‌లో ఒక పరిశోధన సంస్థ తోటలో మాలీగా చేసి రిటైరయ్యాడు. భార్యను ఏనాడూ పరుషంగా ఒక మాట అన్నవాడు కాదు. ఒక ఆదివారం చర్చి నుంచి నడిచి వస్తూ విషయం చెబితే, ఇంటి సందు మలుపు దగ్గర అడిగాడు.

"నేనేం జేసిన?"

రూతు నిలబడిపోయింది. "నువ్వేం జెయ్యలె. నీతోని పోతే నువ్వు తిన్నవా, పండుకున్నవా అని సూసుడే అయితది నాకు. అందర్తోని పోతే అందర్ని సూసుడు. ఒక్కపారి కిటికీ పక్కకు కూసోని ఊకె బయటికి సూస్త."

అతనికి అర్థమైందో లేదో. ఆ రోజు నుంచి మాటలు తగ్గించాడు. తిండి మానలేదు, నల్లా దగ్గర బిందె మోయడం మానలేదు. కానీ కొచ్చిన్ ఊసు వస్తే లేచి పెరట్లోకి వెళ్లి, ఉన్న రెండు గులాబీ మొక్కల చుట్టూ మట్టి గుల్ల చేసేవాడు.

మధ్యాహ్నం గంట కొట్టగానే రూతు చేతులు కిరసనాయిలుతో తుడుచుకుని, సబ్బుతో కడుక్కుని ఇంటికి చేరింది. సంచీ ముందురోజే సర్దింది. పప్పు ఎక్కడుందో, పచ్చడి జాడీ ఎక్కడుందో నర్సయ్యకు చూపించింది. అతను చూసి పెరట్లోకి వెళ్లాడు. స్టేషన్‌కు వస్తావా అని అడిగితే, మట్టి తవ్వే ఖురపీ పక్కన పెట్టకుండానే అన్నాడు.

"ఒక్కదాన్నే పోత అన్నవు గద. పో. పైలం."

ఆ మాటలో కోపం లేదు. అందుకే బస్సు హబ్సిగూడ దాటేదాకా ఆమె వెనక్కే చూస్తూ ఉంది. తార్నాకలో ఎవరో దిగితే సీటు దొరికింది. సంచీ ఒళ్లో పెట్టుకుని, ఇప్పటికైనా వెనక్కి పోవచ్చు కదా అనుకుంది. బస్సు సికింద్రాబాదులో ఆగింది. దిగింది.

ప్లాట్‌ఫారం అడిగి తెలుసుకుంది, డబ్బా వెతుక్కుంది, తన సీటు చూసుకుంది. నిజంగానే కిటికీ పక్కది. అప్పటికే అందులో చదువుకున్న ఒక అమ్మాయి కూర్చుని ఉంది. తనకు గాలి లేకపోతే తల తిరుగుతుందని, పెద్దమ్మ ఈ పక్క సీట్లో కూర్చుంటే బాగుంటుందని మర్యాదగానే అడిగింది. రూతు కాళ్లు అలవాటు కొద్దీ పక్కకు జరగబోయాయి. జీవితమంతా జరిగిన కాళ్లు అవి.

"ఏమనుకోకు బిడ్డా," అంది, తన గొంతు తనకే కొత్తగా వినిపిస్తుండగా. "ఇది నాది. నీకు తల తిరిగితే చెప్పు, జరసేపు ఇస్త."

అమ్మాయి నవ్వి లేచింది. రూతు కూర్చుంది. కిటికీ ఊచలు ఇంకా ఎండ వేడి మీదే ఉన్నాయి.

బండి కదిలే వేళకు, జనం మధ్య నుంచి ఒక్కో డబ్బాలోకీ తొంగిచూస్తూ నర్సయ్య కనిపించాడు. చొక్కా చెమటకు వీపున అతుక్కుపోయింది. ముంజేతికి కొత్త గొడుగు వేలాడుతోంది, పిడికి ప్లాస్టిక్ తొడుగు కూడా తీయలేదు. దాని కోసం ఉప్పల్ బజారంతా తిరిగి ఉంటాడు. ఆమెను చూడగానే రెండు చేతులతో ఊచలు పట్టుకుని ఒగర్చాడు.

"ఆడ వాన గద," అన్నాడు.

"ఊఁ."

"మద్రాసుల బండి మారేటప్పుడు ఎవలి సంచి ముట్టకు. నీది ఎవలికియ్యకు."

"ఇయ్య."

అతను ప్లాట్‌ఫారం అటూ ఇటూ చూశాడు. "వాళ్ల మాట నీకెట్ల తెలుస్తది?"

"ఏలియమ్మ చెప్పింది. అన్నం పెట్టెటోళ్లకు, చాలు అనాలంటే మతి అనాల్నట."

"మతియా?"

"మతి."

నర్సయ్య ఆ మాటను మరోసారి పెదాలతోనే అనుకున్నాడు. "ఇన్ని దినాలు ఇంట్ల కూసోని నీకు మతి లేదు, మతి లేదు అనుకుంట ఉన్న," అన్నాడు. "నీకు చాల్లేదు అనుకున్నట్టన్నమాట."

ముందు రూతు నవ్వింది. తర్వాత అతను నవ్వాడు, నెలల తర్వాత. ఊచల మీద అతని వేళ్లపై ఆమె తన చెయ్యి వేసింది. నున్నని ఆ బొటనవేలితో అతని వేలి కణుపులు నిమిరింది. బండి కూత వేసింది. అతను నాలుగు అడుగులు బండితో నడిచాడు. తర్వాత వేళ్లు వాటంతటవే విడిపోయాయి. ఆమె ముఖం కాసేపు కిటికీలో ఇటువైపు తిరిగి ఉంది, ఆ తర్వాత ముందుకు తిరిగింది.

ఆఖరి డబ్బా దాటిపోయాక ప్లాట్‌ఫారం ఖాళీ అయింది. నర్సయ్య చెమట తుడుచుకోవడానికి చెయ్యెత్తాడు. ఒక్కసారైనా విప్పని కొత్త గొడుగు ఆ ముంజేతికే వేలాడుతూ ఉంది.