లైనక్స్ మేడమ్

కళ్ళజోళ్ళ దుకాణం పైనున్న కంప్యూటర్ కోచింగ్ సెంటర్లో ఆమెను అందరూ లైనక్స్ మేడమ్ అనేవారు. సెంటర్ ఆమె బావది. అక్కాబావల ఇంట్లోనే ఉంటూ, ఆ సెంటర్లోనే లైనక్స్ అనే సాఫ్ట్‌వేర్ మీద సర్వర్లు నడిపే కోర్సు చేసి, పరీక్ష పాసై, సర్టిఫికెట్ పట్టుకుని కాళ్ళరిగేలా తిరిగింది. ఎక్కడికెళ్ళినా దాన్ని ఇలా చూసి అలా పక్కన పెట్టి, "ఇంతకుముందు ఏ సర్వర్లు చూసుకున్నారు?" అని అడిగేవారు. ఎవరైనా చూసుకోనిస్తే కదా.

"ఉద్యోగం దొరికేదాకా మన దగ్గరే పాఠాలు చెప్పమ్మా, ఊరికే కూర్చోవడం దేనికి?" అన్నాడు బావ. ఆ దొరికేదాకా సాగి సాగి ఏళ్ళయింది. పైగా కొత్తగా చేరేవాళ్ళు ఉద్యోగాల సంగతి అడిగితే బావ ఆమెనే చూపించేవాడు. "ఇదిగో, మా దగ్గర కోర్సు చేసిన మనిషే. చేస్తున్నది లైనక్స్ ఉద్యోగమే." అందులో అబద్ధం లేదు. అదే ఆమెకు ముల్లులా గుచ్చుకునేది.

ఒక మధ్యాహ్నం బావ బయటికెళ్ళినప్పుడు ఒకావిడ ఆయాసపడుతూ మెట్లెక్కి వచ్చింది. ఆస్పత్రిలో టెలిఫోన్ ఆపరేటరట. ఇప్పుడు ఫోన్లన్నీ మిషనే ఎత్తుతోందట, తన కుర్చీ ఎన్నాళ్ళుంటుందో తెలీదట.

"ఉన్నమాట చెప్పండి మేడమ్. ఈ కోర్సు చేస్తే ఏమైనా ఉపయోగముందా?"

లైనక్స్ మేడమ్ గొంతు తగ్గించింది. "కాగితం చూసి ఎవరూ పిలవరండీ. ఇప్పటికే సర్వర్ల దగ్గర పనిచేసేవాళ్ళకైతే ఓ మెట్టు పైకెక్కడానికి పనికొస్తుంది. మీకు కావల్సింది చెయ్యి తిరగడం. ఇంట్లో పాత కంప్యూటరుంటే లైనక్స్ ఎక్కించుకోండి, అది ఉచితమే. చెడగొట్టండి, బాగుచెయ్యండి, మళ్ళీ చెడగొట్టండి."

ఆవిడ తలూపి వెళ్ళిపోయింది. అప్పుడు చూసింది లైనక్స్ మేడమ్, సగం తెరిచిన తలుపు అవతల బావ నిలబడి ఉన్నాడు.

అతను అరిచే మనిషి కాడు. భోజనాల దగ్గర నెమ్మదిగా, "కూర్చున్న కుర్చీ కాళ్ళు నువ్వే కోసుకుంటే ఎలాగమ్మా?" అన్నాడు. అక్క తలెత్తకుండా గిన్నెలు సర్దింది. తర్వాత వంటింట్లో, "ఆయనతో మాట పడేది నేనే. నన్ను చూసైనా ఊరుకోవే" అంది. బావ మీదికి లేద్దామనుకున్న కోపం ఆ ఒక్కమాటతో చల్లారిపోయింది. అక్కతో ఎలా పోట్లాడుతుంది?

వారం తిరక్కుండానే ఆపరేటర్ మళ్ళీ వచ్చింది, చేరడానికి.

"అంతా చెప్పాను కదండీ," అంది లైనక్స్ మేడమ్ నీరసంగా.

"చెప్పారు. పాత కంప్యూటర్ ముందు కూర్చున్నాను కూడా. నేను కూర్చోగానే మా అత్తగారికి మందులు గుర్తొస్తాయి, మా ఆయనకి ఊడిన గుండీ గుర్తొస్తుంది. అదే క్లాసు అన్నాననుకోండి, మారుమాట్లాడకుండా పంపిస్తారు. మీ కాగితం నాకక్కర్లేదు మేడమ్. ఈ గంటన్నర కావాలి."

లైనక్స్ మేడమ్ దరఖాస్తు తీసి ఆవిడ ముందు పెట్టింది. తనకు ఊపిరాడని ఆ గదిలోకి ఈవిడ ఊపిరి పీల్చుకోవడానికి వస్తోంది.

ఆపరేటర్ క్లాసు కంప్యూటర్ని భయం లేకుండా చెడగొట్టేది, మళ్ళీ బాగుచేసేది. ఆవిడ వల్ల క్లాసులో మిగతావాళ్ళకూ జంకు పోయింది. అలాంటి రోజుల్లోనే ఒక గిడ్డంగుల కంపెనీ నుంచి లైనక్స్ మేడమ్‌కి ఇంటర్వ్యూకి పిలుపొచ్చింది. సెలవడిగితే బావ, "బ్యాచ్ మధ్యలో ఎలాగమ్మా? ఇది అవనీ, చూద్దాం" అన్నాడు. కంపెనీవాళ్ళను బతిమాలుకుంటే ఫోన్లోనే మాట్లాడతామన్నారు. విద్యార్థులకు పని అప్పగించి, మెట్ల మీద నిలబడి మాట్లాడింది. అడిగినవాటికల్లా తడుముకోకుండా జవాబిచ్చింది. చివర్లో అవతలి మనిషి మర్యాదగా, "ఇన్నేళ్ళూ మీరు నడిపినవి క్లాసులో మిషన్లేనా అండీ?" అనడిగాడు.

"అవునండీ."

"సరే, మళ్ళీ చెబుతాం."

ఆ మళ్ళీకి అర్థమేమిటో ఆమెకు కొత్త కాదు. మెట్ల మీదే కాసేపు నిలబడింది. కింద వీధిలో ఎవరి పని మీద వాళ్ళు పోతున్నారు. దిగి అలా వెళ్ళిపోవచ్చు. వెళ్తే సాయంత్రం మళ్ళీ చేరాల్సింది ఆ ఇంటికే.

లోపలికొచ్చింది. ఆపరేటర్ చెయ్యెత్తింది. "మేడమ్, పాస్‌వర్డ్ మార్చి మర్చిపోయాను. లోపలికి రానివ్వడం లేదు." లైనక్స్ మేడమ్ కుర్చీ లాక్కుని కూర్చోగానే ఆవిడ మెల్లగా, "ఫోన్లో ఉద్యోగం వాళ్ళా?" అంది.

"ఊఁ. రాదులెండి."

ఆపరేటర్ అయ్యో అనలేదు. కీబోర్డు ఆమె ముందుకు జరిపి, "అయితే ఇది ఎలా తెరవాలో చూపించండి" అంది.

ఆమె చూపించింది. బ్యాచ్ ఇంకా సగం కూడా కాలేదు.